ఆలస్యంగా తిరిగే పావురం

మా కింది వాటాలో ఉండే అక్క పోయిన నెల కన్నుమూసింది. ఫిల్మ్‌నగర్‌లో ఒక సెట్టు మీద నేను రబ్బరు మొసలికి దవడ బిగిస్తూ ఉండగా ఆమె భర్త ఫోన్ చేశాడు. "మీ అక్క పోయింది తమ్మీ. పొద్దుగాల చాయ్ తాగింది, గట్లనే ఒరిగింది" అన్నాడు. ఏడ్చాను. ఏడుస్తూనే, ఇక మా వీధిలో నాకంటే మంచి పనివాళ్లు లేరు కదా అనిపించింది. సిగ్గుచేటే, కానీ అనిపించింది. ఆమె గురించి రాస్తూ అబద్ధమాడలేను. ఎనిమిదేళ్లు ఆమెను చూసి కుళ్లుకున్నాను.

నేను ఇంజినీరింగ్ చదివి, సినిమాలకు కదిలే బొమ్మలు చేస్తున్నవాణ్ని. అక్క సినిమావాళ్లకు దుస్తులు కుట్టేది, పదో తరగతి కూడా దాటలేదు. కుట్టుమిషను మోటారు చెడిపోతే విప్పడం మొదలుపెట్టి, పాత ప్రింటర్లూ పిల్లల బొమ్మ కార్లూ విప్పి, ఫోన్‌లో వీడియోలు చూసి చిన్న మోటార్లూ సెన్సర్లూ నడపడం నేర్చుకుంది. సోల్డరింగ్ నేనే నేర్పాను. నెల తిరక్కముందే నాకంటే శుభ్రంగా చేసింది. ఇదెక్కడి న్యాయమండీ?

ప్రతి వైరూ జానెడు ఎక్కువ వదిలేది. నేను కొలిచి కత్తిరించేవాణ్ని. "ఎందుకక్కా ఆ చెత్తంతా?" అంటే, "మల్ల ఇప్పేటోనికి చెయ్యి ఆడాలె గద తమ్మీ. జాకెట్టుకు లోపల బట్ట ఇడుస్తం, గిదీ గంతే" అనేది. నా చదువులో ఎవరూ చెప్పని సంగతి. అది నాకెందుకు తట్టలేదని రెండు రోజులు ఉడుక్కున్నాను.

మూడేళ్ల కిందట బంజారా హిల్స్‌లో ఒక గ్యాలరీవాళ్లు మా ఇద్దరి పనులూ పక్కపక్కన పెట్టారు. నాది గోడంత దీపాల పలక, చప్పట్లు కొడితే రంగులు మారతాయి. ఆమెది హీరోయిన్ల దుస్తుల్లో మిగిలిన పట్టు ముక్కలతో కుట్టిన పన్నెండు పావురాలు. ఒక కమ్మీ మీద వరసగా కూర్చుని, మనిషి దగ్గరికొస్తే మెడ తిప్పి చూస్తాయి. చివరిది మాత్రం కాస్త ఆలస్యం. దాని మోటారులో గేరు పళ్లు అరిగి జారేవి. మారుస్తానంటే, "దానికి జర బద్దకం. ఉండనియ్యి" అంది. మొదటి రోజు జనమంతా అక్కడే. ఆ చివరిది తాపీగా తిరగ్గానే పకపకా నవ్వడం, వెనక్కెళ్లి మళ్లీ రావడం. నా గోడ ముందు సెల్ఫీలు తీసుకుని వెళ్లిపోయారు.

రెండో రోజు గ్యాలరీ తలుపులు తీయగానే వెళ్లి ఆ గేరు మార్చేశాను. సాయం చేస్తున్నానని నాకు నేనే చెప్పుకున్నాను. ఆమె వదిలిన జానెడు వైరు వల్ల ఐదు నిమిషాల్లో పనైపోయింది. పన్నెండూ ఒక్కసారే తిరిగాయి, బడిపిల్లల కవాతులా. ఆ రోజు ఎవరూ నవ్వలేదు. అక్క వచ్చి కాసేపు చూసింది. "నిన్నటిదాక బద్దకంగుండె. ఎవరో బుద్ధి చెప్పినట్టున్నరు" అంది. తర్వాత డబ్బాలోంచి రెండు సకినాలు తీసి నా చేతిలో పెట్టింది. "తిను తమ్మీ. పొద్దుగాల్నే వచ్చినవ్ గద."

ఆమెకు తెలుసు. ఆ తర్వాత రోజూ మెట్ల దగ్గర పలకరించుకున్నాం. తప్పైపోయిందక్కా అని ఒక్కమాట నా నోటి నుంచి రాలేదు. ఇక రాదు కూడా.

పదకొండో రోజుకు ముందు ఆమె భర్త పైకొచ్చాడు. "ఇంట్ల ఉన్న పావురాలను నడిపియ్యి తమ్మీ, చుట్టాలు జూస్తరు" అన్నాడు. అరిగిన గేరు నా సొరుగులో మరమేకుల డబ్బా కింద అలాగే ఉంది. పారేయబుద్ధి కాలేదెప్పుడూ. చివరి పావురాన్ని విప్పాను. జానెడు వైరు ఇంకా ఉంది, చెయ్యి హాయిగా ఆడింది. పాత గేరునే తిరిగి బిగించాను.

పదకొండో రోజున ఏడ్చి ఎర్రబడ్డ కళ్లతో చుట్టాలు దగ్గరికొచ్చారు. పదకొండు పావురాలు తిరిగాయి. అందరూ చూస్తూ నిలబడ్డారు. చివరిది తీరిగ్గా మెడ తిప్పింది. ముందు ఆమె భర్త ఫక్కున నవ్వాడు, ఆ వెనకే ఇల్లంతా నవ్వింది. నా గోడ ఒక్కసారైనా తెప్పించలేని నవ్వు. మళ్లీ చచ్చేంత అసూయ వేసింది.

అందరూ భోజనాలకు లేచాక, ఆపేద్దామని వెళ్లాను. పదకొండూ నన్ను చూశాయి. పన్నెండోది కూడా చూసేదాకా స్విచ్ మీద వేలు పెట్టి ఆగాను.