నాంపల్లి గల్లీలో నర్సమ్మ

జయమణి మెదక్ మిషన్ దవాఖానలో నర్సు పని నేర్చుకుంది. భర్త పోయాక నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో, రామచందర్ సేటు పెంకుటింటి లోగిలిలో ఒక గది కిరాయికి తీసుకుంది. పిల్లల్లేరు. కానీ ఆ గల్లీలో ఎవరికి నొప్పులొచ్చినా ముందు తట్టేది ఆమె తలుపే.

ఎదురు గదిలో మరాఠీ గుమాస్తా భార్య శాంతాబాయి ఉండేది. ఆమె ముగ్గురు కొడుకులూ జయమణి చేతుల మీదుగానే పుట్టారు. యాభయ్యారులో రాష్ట్రాలు మారినప్పుడు మరాఠీ ఉద్యోగుల్ని ఔరంగాబాదు వైపు వేశారు. కాచిగూడ స్టేషన్‌లో బండెక్కుతూ శాంతాబాయి జయమణి చేయి పట్టుకుంది.

"నాలుగో కాన్పుకు గీడికే వస్త బాయీ. గాడ నాకెవరు తెలుసు?"

ఆమె రాలేదు.

ఖాళీ అయిన గదుల్లో కర్నూలు నుంచి ఆఫీసులతోపాటు వచ్చినవాళ్లు దిగారు. శాంతాబాయి గదిలో చేరిన కామాక్షి వాళ్లది గుంటూరు పక్క పల్లె. "జర జరుగమ్మా, నీళ్లు పట్టుకుంట" అని జయమణి అంటే, ఆవిడది తెలుగేనా అని వాళ్లలో వాళ్లు నవ్వుకునేవారు. కాన్పులకు వాళ్లు పుట్టిళ్లకు వెళ్లిపోయేవారు. ఆమెకు పని తగ్గింది.

ఒక వానాకాలం, పుట్టింటికి ప్రయాణం కాకముందే కామాక్షికి నొప్పులొచ్చాయి. భర్త వరప్రసాద్ రిక్షా కోసం పరుగెత్తాడు గానీ ఆ వానలో ఒక్కటీ దొరకలేదు. జయమణి వెళ్తే అత్తగారు గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నువ్వు కిరస్తానీవి కదమ్మా. లోపల దేవుడి గూడుంది."

"అత్తయ్యా, ఆవిణ్ణి రానివ్వండి," అని లోపల్నుంచి కామాక్షి అరిచింది.

ఆడపిల్ల పుట్టింది. ఆ తర్వాత లోగిలంతా జయమణిని నర్సమ్మగారూ అని పిలిచింది. పిల్లకు పద్మ అని పేరు పెట్టారు. పద్మ అన్నం తినేది, నిద్రపోయేది ఎక్కువగా జయమణి దగ్గరే. మళ్లీ తనకొక ఊరు దొరికిందనుకుంది జయమణి.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ గొడవలు మొదలయ్యాయి. ఒక సాయంత్రం కట్టెలు పట్టుకున్న కుర్రాళ్లు లోగిల్లోకి వచ్చారు. కామాక్షి గది తలుపుకు వీపు ఆనించి జయమణి గడపలో కూర్చుని ఉంది.

"ఆంధ్రోళ్లు ఎవరన్న ఉన్నరా ఈడ?"

"ఎవ్వరు లేరు బిడ్డా. అందరు పోయిన్రు."

వాళ్లు వెళ్లిపోయారు. ఆమె చెప్పిన అబద్ధం వారం తిరక్కుండానే నిజమైంది. కామాక్షి వాళ్లు సామాను సర్దుకుని గుంటూరు వెళ్లారు. అయిదేళ్ల పద్మ జయమణి కొంగు వదల్లేదు. వరప్రసాద్ ఆ పిల్ల వేళ్లు విడదీసి ఎత్తుకుపోవాల్సి వచ్చింది. గొడవలు చల్లారాక అతను బదిలీ చేయించుకున్నాడని తెలిసింది.

తర్వాత రామచందర్ సేటు లోగిలి పడగొట్టి లాడ్జి కట్టే పని పెట్టుకున్నాడు.

"ఎన్నడు చూసినా కిరాయోళ్లు వచ్చుడు, పోవుడే కద నర్సమ్మా. లాడ్జి అయితే ఫికర్ ఉండది," అన్నాడు. ఆయన మాటల్లో కోపమేమీ లేదు. గోడలు కూల్చేముందు ఆమె సామాను మోయడానికి మనుషుల్ని కూడా పంపాడు.

బేగం బజార్ వెనక ఆమెకొక చీకటి గది దొరికింది. అక్కడామె నర్సని ఎవరికీ తెలియదు. పక్కింటి కోడలు అహల్య నిండు చూలాలు. ఒకరోజు జయమణే పలకరించింది.

"నెలలు నిండినట్లున్నయి బిడ్డా. నేను పురుళ్లు పోస్త. కాళ్లకు వాపేమన్న ఉన్నదా?"

"అబిడ్స్‌ల డాక్టరమ్మకు చూపించుకుంటున్న అమ్మా," అని అహల్య లోపలికి వెళ్లింది.

కొడుకు పుట్టాడు. పదకొండో రోజు, పురుడు నాడు అహల్య అత్త వచ్చి జయమణి గది బయటే నిలబడింది.

"చుట్టాలు శానా మంది వచ్చిన్రు. జర గిన్నెలు తోమిపోతవా?"



"ఔ, వస్త," అని జయమణి లేచి వాళ్ల పెరటి తలుపు వైపు నడిచింది.