క్రిస్మస్ తెరల వెనక పది తరగతులు

మా ఊళ్లో బాప్టిస్టు మందిరమే బడి. ఆదివారం ఆరాధన, మిగతా రోజుల్లో ఒకటి నుంచి పది దాకా చదువు, అంతా ఒకే హాల్లో. గుమ్మం దగ్గర ఒకటో తరగతి. అవతలి చివర, బాప్తిస్మమిచ్చే తొట్టి మీద చెక్కలు పరిచి పదో తరగతి. మధ్యలో గోడల్లేవు కాబట్టి ఎవరి పాఠమైనా అందరికీ ఉచితం.

నేనూ అక్కడివాణ్ణే. మూడులో ఉండగానే పదో తరగతి జవాబులు నోటికొచ్చేశాయి. ఎనిమిదికొచ్చేసరికి వినడానికింకేం మిగల్లేదని మానేశాను. జవాబులన్నీ వచ్చు, ఏది ఏ ప్రశ్నదో మాత్రం తెలీదు. అందుకే ఆటో తోలుతున్నాను.

ఇప్పుడు మా అమ్మాయి అక్కడ మూడో తరగతి. నిరుడు తను రెండులో ఉండగా తనిఖీకి ఆఫీసరుగారొస్తున్నారన్నారు. తరగతికో గది లేకపోతే బడికి గుర్తింపు పోతుంది. పోతే నా ఏడేళ్ల పిల్ల రోజూ రావులపాలెం బస్సెక్కాలి. హెడ్మాస్టరమ్మ, అంటే మా పాస్టరుగారి భార్య, నన్ను పిలిపించారు.

"ఒరేయ్, క్రిస్మస్ నాటకం తెరలున్నాయిగా, కట్టేయ్. తెరేస్తే గదే."

"గదేనండి. ఫ్యానేస్తే తలుపు కూడా అదే తీసుకుంటుంది."

"వేళాకోళం ఆపి నిచ్చెనెక్కు."

ఎక్కాను. రెండో తరగతికి బేత్లెహేము పశువుల పాక వచ్చింది, పదికి నక్షత్రాల ఆకాశం.

ఆఫీసరుగారు తిన్నగా ఆకాశంలోకెళ్లి, "మొక్క ఆహారం తయారుచేసుకోడానికి ఏమేం కావాలి?" అన్నారు. పదో తరగతి మొత్తం కాళ్ల కింది చెక్కలు చూసుకుంది.

"సన్‌లైట్, వాటర్, కార్బన్ డయాక్సైడ్, క్లోరోఫిల్!"

పశువుల పాకలోంచి. నా కూతురే.

ఆయన నడిచొచ్చి, తెర మీది గొర్రెల కాపరిని పక్కకి లాగారు.

"ఏ క్లాసమ్మా?"

"సెకండ్ క్లాసండి."

"మరిదెవరు చెప్పారు?"

"టెన్త్ సారండి. రోజూ చెప్తారు కదండి!"

హెడ్మాస్టరమ్మ కళ్లు మూసుకున్నారు. ప్రార్థనో, నా మీద కోపమో. నేను నిచ్చెన పట్టుకుని నించున్నాను. బస్సు కళ్లముందు కనపడుతోంది, ఒక్క జోకూ తట్టలేదు.

ఆయన పాకనీ పిల్లనీ మార్చి మార్చి చూసి, "మూడు నెలల్లో గోడలు లేవాలండి. పైకప్పు దాకా," అన్నారు.

సంఘమంతా చెయ్యేసింది. ఇటుకలు నా ఆటోలోనే వచ్చాయి. గోడలు లేచాయి, గుర్తింపు నిలిచింది, బస్సు తప్పింది.

మొన్న మా అమ్మాయి ప్రోగ్రెస్ కార్డు తెచ్చింది.

"సైన్సులో ఇవేం మార్కులే?"

"ఏం చెయ్యను నాన్నా, ఇప్పుడు మా టీచర్ చెప్పిందొక్కటే వినపడుతోంది."