బంక కన్న బిడ్డ

ఆ జంతు ప్రదర్శనశాలలో ఆవిడను అందరూ కోతులమ్మ అనేవాళ్ళు. ఆవిడా పలికేది. ఇరవై ఏళ్ళుగా కోతుల బోనులు కడిగి, పళ్ళు తరిగి పెట్టిన మనిషికి ఇంకే పేరు నప్పుతుంది? పిల్లాజెల్లా లేరు. "ఇంట్లో ఉన్న కోతికి కూడా ఇంత అన్నం పెట్టవే," అని మొగుడు వేళాకోళమాడేవాడు.

ఒకసారి ఒక కోతి ప్రసవంలోనే చచ్చిపోయింది. పుట్టిన ఆడపిల్లను కోతులమ్మ తువ్వాలుతో రొమ్ముకు కట్టుకుని, సీసా పాలు పట్టి బతికించింది. అది ఆమె జాకెట్టు పట్టుకుంటే ఒక పట్టాన వదిలేది కాదు. అందుకే బంక అని పేరు పెట్టింది. కాస్త నిలదొక్కుకోగానే గుంపులో కలిపెయ్యమన్నాడు డాక్టరు. పెద్దవి పిల్లల్ని ఎలా ఎత్తుకుంటాయో, ఎలా పాలు ఇస్తాయో పక్కనుండి చూస్తేనే కోతికి పిల్లను పెంచడం వస్తుంది. కోతులమ్మ వింటేనా! ఇవాళ జలుబన్నది, రేపు చలన్నది, ఆ మర్నాడు పెద్దవి కరుస్తాయన్నది. ఎంత ముద్దయితే మాత్రం ఇంత మొండితనమా? చెప్పేవాళ్ళు చెప్పి చెప్పి ఊరుకున్నారు. బంక గుంపులోకి వెళ్ళేసరికి దానికి మూడేళ్ళు.

ఈడొచ్చింది, ముఖం ఎర్రబడింది. పెద్ద మగకోతి దాని వెనకాలే తిరుగుతూ, పెదాలు టపటపలాడించి బతిమాలేది. బంక మాత్రం దాన్ని కాదని పరుగెత్తుకొచ్చి, బోను వల ఇవతల నిలబడ్డ కోతులమ్మకు వెనుదిరిగి తోక ఎత్తేది.

"అల్లుడు అక్కడుంటే నీ కూతురు నిన్ను వరిస్తోందేమిటి పిన్నీ?" అని పళ్ళబండి తోసే అతను పకపకా నవ్వాడు. ఆమె కూడా నవ్వింది గానీ లోపల కలుక్కుమంది. రెండేళ్ళు పోయాక బంక ఎలాగో మగదాన్ని దగ్గరికి రానిచ్చింది. కడుపు నిలిచింది. అప్పుడు చూడాలి కోతులమ్మ సంబరం.

ఒక తెల్లవారుజామున బంక కన్నది. పిల్లను వాసన చూసి, తలకిందులుగా పట్టుకుని వల దగ్గరికి తెచ్చి, కోతులమ్మ ముందు సిమెంటు నేల మీద పెట్టి ఎదురుచూస్తూ కూర్చుంది.

"పారేసింది," అన్నాడు డాక్టరు.

"పారెయ్యలేదండీ, నాకిస్తోంది. పిల్లల్ని నేనే పెంచుతాననుకుంటోంది."

"అందుకే మీరిక్కడ ఉండకూడదమ్మా. మీరు కనిపించినంతసేపూ అది ఎత్తుకోదు. మళ్ళీ సీసా పాలు పడితే రేపు ఈ పిల్లా ఇంతే. మధ్యాహ్నం దాకా చూద్దాం. అప్పటికీ ఎత్తుకోకపోతే పిల్లను మనమే బయటికి తీద్దాం."

ఈసారి ఆమె మాట విన్నది. వంటగదిలో కూర్చుని క్యారెట్లు తరిగింది. తరిగినవే మళ్ళీ తరిగింది. అవతల నుంచి బంక పిలుస్తోంది. ఆకలేసినప్పుడు పిలిచే పిలుపే అది. ఒకసారి గుమ్మం దాకా వెళ్ళి, గుండె రాయి చేసుకుని వెనక్కొచ్చింది. కాసేపటికి పిలుపు ఆగింది. ఎత్తుకుందేమోనని ఆశపడింది, పిచ్చిది.

డాక్టరు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. "మనం ముందే తియ్యాల్సిందమ్మా," అన్నాడు.

ఆమె బోనులోకి వెళ్ళి కింద చతికిలబడింది. చల్లబడిపోయిన పిల్లను బంక కాలు పట్టుకుని ఈడ్చుకొచ్చి ఆమె ఒళ్ళో పెట్టింది. ఆమె రెండు చేతుల్లోకీ తీసుకునేదాకా చూసింది. ఇక తన పని అయిపోయినట్టు భుజమెక్కి, ఆమె జుట్టులో పేలు వెతకడం మొదలుపెట్టింది. కోతులమ్మ దాన్ని తోసెయ్యాలనుకుంది. తోసెయ్యలేకపోయింది.