సొట్టలే అడ్రసు

ముందే ఒప్పుకుంటున్నాను, చివర్లో ఎవరూ నా చొక్కా పట్టుకోకుండా. నాకు ఉన్నది ఉన్నట్టు చెప్పడం చేతకాదు. మా ఇంటి ముందు గుంతలో వాన నీళ్ళు నిలిస్తే, నేను చెప్పేసరికి అందులో పడవలు తిరుగుతుంటాయి. మా ఆవిడ తుమ్మితే నేరేడ్‌మెట్ దాకా కిటికీలు అదిరాయంటాను. కాబట్టి కింద ఏ అంకె కనబడినా సగానికి కోసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేసుకుని చదవండి. అప్పటికీ కొంచెం మిగులుతుంది. ఆ మిగిలింది నమ్మవచ్చు.

ఈ మధ్య ఒక కాలేజీవాళ్ళు నన్ను పిలిచి, వ్యాపారంలో పైకి రావాలంటే ఏం కావాలో పిల్లలకు చెప్పమన్నారు. నాకన్నా ముందు మాట్లాడిన పెద్దమనిషి ధైర్యం కావాలన్నాడు, దూరదృష్టి కావాలన్నాడు, తెల్లవారుజామునే నిద్ర లేవాలన్నాడు. నా వంతు వచ్చింది. "సొట్టలు పడ్డ టిన్నులు కావాలి" అని చెప్పి కూర్చున్నాను. పిల్లలు వేళాకోళం అనుకుని చప్పట్లు కొట్టారు. వేళాకోళం కాదని ఇప్పుడు తీరిగ్గా చెబుతాను.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులు. ఎస్టీడీ బూత్ ముందు జనం వరస కట్టే కాలం. మోటారు విడిభాగాల కంపెనీలో గుమాస్తా పని వదిలేసి, మెట్టుగూడలో ఒక పాత బేకరీని అద్దెకు తీసుకున్నాను. ముందు చిన్న కొట్టు, మధ్యలో వాకిలి, వెనక రేకుల షెడ్డులో కట్టెల భట్టీ. ఆ భట్టీలోకి ఏనుగును తోలి తలుపు వేస్తే తోక కూడా బయటికి కనపడదు. నిజాం కట్టించాడని నేను అందరికీ చెప్పేవాణ్ణి. తన పెళ్ళయ్యాక తనే కట్టించానని అద్దెకిచ్చినాయన చెప్పేవాడు. భట్టీతో పాటు దాని ఉస్తాదు కూడా నాకు వచ్చాడు, పాత ఇంటితో పాటు పిల్లి వచ్చినట్టు. అరవై దాటిన మనిషి. చేతుల మీది వెంట్రుకలన్నీ ఎప్పుడో మంటకు సమర్పించుకున్నాడు. భట్టీలో చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకుని, పది లెక్కపెట్టి వేడి ఎంతుందో చెప్పేవాడు.

మా ఆవిడ నాకు గడువు పెట్టింది. "క్రిస్మస్ దాక చూద్దాం. కేకులు మంచిగ నడిస్తె భట్టీ ఉంటది. లేకుంటె జనవరి ఒకటో తారీఖు నుంచి మా తమ్ముని దుకాణంల కూసో."

ఆ తమ్ముడికి పద్మారావు నగర్‌లో ఫ్యాన్లు, బల్బుల దుకాణం. గల్లా పక్కన నా కోసం ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ ఖాళీగా ఉంచాడు. ఎవరైనా కూర్చుంటే లేపేవాడట. వారానికోసారి వచ్చి "బావా, కుర్చీ తుడిపిచ్చిన" అని చెప్పి, టీ తాగి వెళ్ళేవాడు. ఆ కుర్చీ నాకు కలలోకి కూడా వచ్చేది. కలలో దానికి పన్నెండు కాళ్ళు.

ఇక్కడొక పద్ధతి చెప్పాలి. మా వైపు క్రైస్తవుల ఇళ్ళలో చాలామంది క్రిస్మస్ కేకు కొనరు, కాల్పించుకుంటారు. మైదా, గుడ్లు, వెన్న, నానబెట్టిన ఎండుద్రాక్ష అంతా ఇంటి నుంచి తెచ్చుకుని, బేకరీ వాకిట్లోనే కూర్చుని, తమ కళ్ళ ముందే పిండి గిలకొట్టించి, తమ టిన్నులో పోయించి వెళతారు. సాయంత్రం వచ్చి పట్టుకుపోతారు. ఎవరి పాళ్ళు వాళ్ళవి. అత్తగారి నుంచి కోడలికి వచ్చిన పాళ్ళను పక్కింటావిడ చూడకుండా గిన్నెకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. ఆ ఏడు నాకు రెండు వేల ఇళ్ళవాళ్ళు ఒప్పుకున్నారు. సరే, ఇరవై రెండు. గుంటూరు, ఏలూరు వైపుల నుంచి ఉద్యోగాలకు వచ్చి ఇక్కడే స్థిరపడ్డ టీచర్లు, నర్సులు, ఆఫీసు గుమాస్తాలు. వాళ్ళందరికీ పెద్ద దిక్కు రిటైరైన ఒక హెడ్మిస్ట్రెస్ గారు. అందరూ టీచరమ్మ అనేవారు. ఆవిడ సరే అంటే ఇరవై రెండు ఇళ్ళూ సరే. ఆవిడ చేతి గొడుగు వానకు ఎప్పుడూ తెరుచుకోలేదు, మనుషుల వైపు చూపించడానికే వాడేవారు.

బేరం కుదుర్చుకోడానికి వచ్చినప్పుడు వాళ్ళ టిన్నులు చూసి నా ప్రాణం ఉసూరుమంది. ఒకటి వనస్పతి డబ్బాను అడ్డంగా కోసింది. ఒకటి రైల్లో పై బెర్తు నుంచి పడి అంచు వంగింది. ఒకదానికి అడుగున కాకి ముక్కంత సొట్ట. ఇంత కొత్త వ్యాపారంలో ఇంత పాత సామానా? "మీ టిన్నులు తేనక్కర్లేదండీ, మావే ఇస్తాం" అని అందరికీ కబురు పెట్టాను. ఒకే కొలతలో ఇరవై రెండు కొత్త టిన్నులు చేయించాను. పీటల మీద పెళ్ళికొడుకుల్లా మెరిసిపోయాయి. ఒక్కోదానికీ రంగురంగుల స్టిక్కరు, మీద మా బేకరీ పేరు, కింద ఆ ఇంటివాళ్ళ పేరు.

ఉస్తాదు ఒక టిన్ను తీసి అటూ ఇటూ తిప్పాడు. "సాబ్, గా సొట్టలే వాళ్ళ అడ్రస్. అడ్రస్ తీసేసి ఉత్తరం ఎట్ల పంచుతవ్?"

"ఉస్తాద్, జమానా మారింది" అన్నాను.

పండగకు రెండు రోజుల ముందు పొద్దున్నే వాకిలి నిండింది. మధ్యాహ్నం రెండింటికి టిన్నులన్నీ భట్టీలోకి వెళ్ళాయి. వెనక వైపు వేడి ఎక్కువ, ముందు తక్కువ. అందుకని ఉస్తాదు పొడవాటి పలకతో టిన్నులను మాటిమాటికీ వెనకవి ముందుకు, ముందువి వెనక్కు మార్చాడు. నాలుగింటికి తలుపు తీశాడు. ఆ వాసనకు మెట్టుగూడలో రైళ్ళు సిగ్నలు లేకుండానే ఆగాయి. ఇరవై రెండు కేకులూ పొంగి, నల్లగా, నున్నగా ఉన్నాయి. స్టిక్కర్లు లేవు. టిన్నుల పక్కన ఎండుటాకుల పొడిలాంటిది కాస్త ఉంది, ఊదితే ఎగిరిపోయింది. నా బేకరీ పేరు, వాళ్ళ పేర్లు అన్నీ కలిసి పొగగొట్టంలోంచి వెళ్ళిపోయాయి. అన్నింట్లోనూ మాడ్చిన పంచదార పాకమే, అన్నీ ఒకే నలుపు. కొత్త టిన్నులు కదా, ఒక్కదానికీ ఒక్క గీత కూడా లేదు.

ఉస్తాదు బీడీ ముట్టించి గోడకు ఆనుకున్నాడు. "జమానా మారింది సాబ్" అన్నాడు.

ఐదింటికి అందరూ వస్తారు. నా కళ్ళ ముందు ఎర్ర కుర్చీ వచ్చి నిలబడింది. ఎవరిది ఎవరికిచ్చినా ఎవరు కనిపెడతారు, అన్నీ కేకులే కదా అన్న ఆలోచన ఒకటి దోమలా చెవి దగ్గర తిరిగింది. చేత్తో కొట్టేశాను. ఐదు కొట్టింది. నేనే వెళ్ళి గేటు తీశాను. ఛాతీ విరుచుకుని నిలబడ్డాను. "అమ్మలారా, అయ్యలారా! చీటీలు కాలిపోయాయి. ఏ కేకు ఎవరిదో నాకు తెలియదు. తప్పు పూర్తిగా నాది. ఏ శిక్ష వేసినా సిద్ధం!" అన్నాను. నా గొంతు వేపచెట్టు మీది కాకులను లేపింది. ఇద్దరు ముగ్గురు కళ్ళు తుడుచుకున్నారు కూడా.

అందరూ ఒక్కసారే మాట్లాడారు. 

"మా టిన్ను తెస్తానంటే వద్దన్నారు కదండీ!"

"రేపు చుట్టాలొస్తున్నారయ్యా, వాళ్ళకు ఎవరి కేకు పెట్టను?"

టీచరమ్మ గొడుగు ఎత్తారు. వాకిలి తరగతి గది అయిపోయింది. "అరవకండి. అన్నీ బల్ల మీద పెట్టించవయ్యా. అడుగు వైపు నుంచి గోరంత ముక్క తియ్యండి, పైన అందం చెడకుండా. తిని చెప్పండి. ఎవరి చెయ్యి వాళ్ళకు తెలియదా?"

ఉస్తాదు కోశాడు. మొదటి కేకునే ముగ్గురు మాదంటే మాదన్నారు.

"ఇది మాదే. మా అత్తగారి చెయ్యి ఇది."

"మీ అత్తగారు పోయి పదేళ్ళయింది కదండీ?"

"చెయ్యి పోలేదమ్మా, నాకిచ్చి పోయింది."

టీచరమ్మ అడ్డం వచ్చారు. "లవంగాలు ఎన్నేశావు?"

"రెండండీ."

"ఇందులో అరడజను ఉన్నాయి. నీది కాదు. నువ్వు?"

"ఆరండీ!" 

"తీసుకెళ్ళు. తర్వాతది."

నేరేడ్‌మెట్ నుంచి వచ్చిన ఒక గుమాస్తా గారు ప్రతి ముక్కా తిని తల అడ్డంగా ఊపుతున్నారు. తొమ్మిదోదో పదోదో నోట్లో పెట్టుకోగానే ఎగిరి గంతేశారు. "ఉప్పగా ఉంది! మాదేనండీ, ఇది మాదే! ఏటా ఇంతే!" పక్కనే ఉన్న ఆయన భార్య చూసిన చూపుకు భట్టీ మళ్ళీ రాజుకుంది.

గంట గడిచేసరికి తిట్లు ఆగిపోయి పాళ్ళు మొదలయ్యాయి. పదిహేనేళ్ళుగా కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు "నారింజ తొక్క ఎండబెట్టి వేస్తారా, పచ్చిదా?" అని అడుగుతున్నారు. అవతలివాళ్ళు చెబుతున్నారు కూడా. నేను రాకముందు నుంచీ అదే భట్టీలో అన్నేళ్ళు కాల్పించుకుని, ఒకళ్ళ కేకు ఒకళ్ళు వేడివేడిగా తినడం వాళ్ళకు అదే మొదటిసారట.

చివరికి ఒక కేకు మిగిలింది. దాన్ని కోయగానే వాకిలంతా రమ్ము వాసన. అందరూ తిన్నారు. అందరూ "మాది కాదు" అన్నారు. "సరిగ్గా తెలియడం లేదు, ఇంకో ముక్క ఇవ్వు" అని మళ్ళీ తిని మళ్ళీ కాదన్నారు. ఇరవై ఒక్క కేకులు ఇరవై ఒక్క ఇళ్ళవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. బల్ల మీద ఒక కేకు, పక్కన కేకు లేని టీచరమ్మ. ఆదివారం బడిలో పిల్లలకు తాగుడు వల్ల నష్టాలు చెప్పేది ఆవిడే. ఒకటో తరగతి లెక్క అది. అంతమందిలో ఒక్కరూ చెయ్యలేదు.

"ఎవరో మర్చిపోయి వెళ్ళినట్టున్నారు" అన్నారు టీచరమ్మ. "పారేయడం పాపం. బీదవాళ్ళకు పంచుతాను."

"మంచి ఆలోచనమ్మా" అంది వాకిలంతా ఒక్క గొంతుతో.

ఆవిడ కేకును సంచిలో పెట్టుకుని, గేటు దాకా వెళ్ళి, గొడుగు నా వైపు తిప్పారు. "ఏమయ్యా, వచ్చే ఏడు కూడా ఇక్కడికే వస్తాం. కానీ మా టిన్నులు మేమే తెచ్చుకుంటాం. ఈ రుచి చూడటం మాత్రం మానొద్దు."

అంతే. మరుసటి ఏడు ఇరవై రెండు ఇళ్ళు రెండు వందలయ్యాయి. మీరు కోసుకోండి, అయినా యాభై మిగులుతాయి. అన్నీ సొట్ట టిన్నులే. నా మెరిసే టిన్నుల్లో బన్నులు కాల్చాం. మా ఆవిడ గడువు పెట్టిన ఆ జనవరి ఒకటినే మా బావమరిది స్కూటరు వెనక తాడుతో ఎర్ర కుర్చీ కట్టుకొచ్చి వాకిట్లో దింపాడు. "బావా, నువ్వు కుర్చీ కాడికి రావని తెలిసిపోయింది. కుర్చీనే నీ కాడికి తెచ్చిన. టీచరమ్మను కూసోవెట్టు" అన్నాడు. ఏటా ఆవిడ అందులోనే కూర్చుని తీర్పులు చెప్పారు. ఇప్పుడు నాకు మూడు బేకరీలు. ఈ అంకెను మాత్రం కోయకండి, మూడే.

ఇక కల్పించింది ఏమిటో చెప్పాలి, ఒప్పుకున్నాను కాబట్టి. రమ్ము కేకు నిజం. ఉప్పు కేకు నిజం. గేటు తీసి ఛాతీ విరుచుకున్నది కల్పన.

ఆ దోమను నేను కొట్టేయలేదు. కూర్చోబెట్టి మర్యాద చేశాను. నాలుగున్నరకు బల్ల దగ్గర కొత్త చీటీలు రాస్తున్నాను, నోటికొచ్చిన పేరు చేతికొచ్చిన కేకుకు. నాలుగో చీటీ మీద మా ఆవిడ నీడ పడింది.

"ఏందీ ఇది?"

"చీటీలు."

"ఏది ఎవ్వరిదో ఎర్కనా?"

"ఎర్క లేదు."

"మరి రాస్తున్నవ్?"

నేను ఎర్ర కుర్చీ సంగతి ఎత్తబోయాను. ఆమె నా చేతిలో పెన్ను లాక్కుని, కొంగున ముడేసుకుని, గేటు దగ్గరికి వెళ్ళింది. ఐదింటికి అందరూ రాగానే, "అమ్మా, వందనాలు. చీటీలు కాలిపోయినయ్. ఏ కేకు ఎవ్వరిదో మాకు తెల్వది. తప్పు మాదే. జెర మీరే చూసి చెప్పాలె" అంది. మామూలు గొంతుతో. కాకులు కదల్లేదు. ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. నేను మైదా బస్తాల వెనక ఉండి విన్నాను. టీచరమ్మ గొడుగు ఎత్తాక, వాకిట్లో ఎవరో నవ్విన చప్పుడు వినబడ్డాకే బయటికి వచ్చాను.

కాలేజీ పిల్లలకు సొట్టల గురించి చెప్పాను కానీ, పెన్ను లాక్కునే మనిషి గురించి చెప్పలేదు. మళ్ళీ పిలిస్తే చెబుతాను.

రాసిందంతా నిన్న మా ఆవిడకు చదివి వినిపించాను. చివరిదాకా విని, "అంత మంచిగనే రాసినవ్ గని, బస్తాల వెనక దాసుకున్న అంటివి. ఏడ దాసుకున్నవ్? నీ కాళ్ళు రెండు సుత బయటికే ఉండె. టీచరమ్మనే నాకు చూపిచ్చింది, గొడుగుతోని" అంది.