నోటుబుక్కులో గొర్రె కళ్ళు

ఆ రోజుల్లో లోకం మొత్తంలో ఆలోచించే మనిషిని నేనొక్కణ్ణే. (మిగతావాళ్ళు బస్సెక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, మధ్యలో పల్లీలు తినేవాళ్ళు.) ఇరవై నాలుగేళ్ళ వయసు, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు కాలేజీలో తెలుగు చెప్పే ఉద్యోగం, కోదాడలో కిరాయి గది, భుజానికి గుడ్డసంచి, అందులో రెండు వందల పేజీల నోటుబుక్కు. ఇన్ని ఉన్నాక మనిషికి గర్వం రాకపోతేనే వింత. రోజూ పొద్దున ఎర్రబస్సులో వెళ్తూ తోటి ప్రయాణికుల మీద కథలు రాసేవాణ్ణి. వాళ్ళను అడిగి కాదు. అడగడమెందుకు, వాళ్ళ లోపల ఏముందో వాళ్ళకంటే నాకే బాగా తెలుసు కదా. ఆ కథలు పుస్తకంగా వచ్చాక జరిగే సన్మానానికి ఏ రంగు శాలువా నప్పుతుందో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కథలకు రెండో ప్రతి లేదు. ఉన్నది ఆ ఒక్క నోటుబుక్కే.

నా కథల్లో ముఖ్యులు ముగ్గురు. మొదటివాడు గొర్రెలు కాసే తాత. భుజాన గొంగడితో వారానికి రెండు మూడు రోజులు ఎక్కేవాడు. నన్ను కిటికీ వైపు జరిపి, దారివైపు కాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చుని, మిర్యాలగూడ దాకా నోరు మెదిపేవాడు కాదు. "ఆ కళ్ళలో ఏమీ లేదు. గొర్రె కళ్ళు" అని రాశాను. (రాసి, బాగుందని నాకు నేనే తల ఊపుకున్నాను.) రెండోది దవాఖానలో పనిచేసే ఆయమ్మ. అప్పుడప్పుడు డబ్బా తెరిచి నాకో రొట్టె ముక్క ఇచ్చేది. "ఈమె ప్రపంచం టిఫిను డబ్బా దాటదు" అని రొట్టె తింటూనే రాశాను. మూడోవాడు కండక్టరు. నేను గాలి కోసం ఫుట్‌బోర్డు మీద నిలబడితే చాలు, చొక్కా పట్టుకుని లోపలికి లాగేవాడు. "చిన్న అధికారం దొరికిన చిన్న మనిషి" అని రాసి కింద రెండు గీతలు గీశాను.

మా వైపు బస్సు స్టాండులోకి వస్తుండగానే కిటికీలోంచి జేబురుమాలు, అదే దస్తీ, వేస్తే ఆ సీటు మనదే. కలెక్టరు వచ్చినా దాన్ని తీసి కూర్చోడు. ఒక సోమవారం దస్తీ గదిలో మరిచిపోయి వచ్చాను. బస్సు వచ్చేసింది, జనం ఎగబడుతున్నారు, చేతికి అందింది నోటుబుక్కు. కిటికీలోంచి వేసేశాను. సీటు ఖాయమైందన్న ధీమాతో చాయ్ తాగడానికి వెళ్ళాను. గ్లాసు సగంలో ఉండగానే బస్సు కదిలింది. గ్లాసుతో సహా పరుగెత్తాను. నా సాహిత్యం కిటికీ పక్కన దర్జాగా కూర్చుని మిర్యాలగూడకు వెళ్ళిపోయింది. ఆ రోజంతా రెండు భయాలు. నోటుబుక్కు దొరకదేమోనని ఒకటి, ఎవరికైనా దొరికిందేమోనని రెండోది.

మర్నాడు బస్సెక్కగానే అందరూ నావైపే చూశారు. కండక్టరు చంకలోంచి నోటుబుక్కు తీశాడు.

"మీదేనా సార్ ఇది? పేరుందేమోనని తెరిచి చూశా. మీ పేరు లేదు గానీ నేనున్నాను" అన్నాడు. "ఎవరిదో తెలియాలి కదండీ, అందరికీ చదివి వినిపించా."

నేను నోటుబుక్కు అందుకుని సీట్లో కూర్చున్నాను. పక్కన తాత. అన్ని నెలల్లో మొదటిసారి నోరు విప్పాడు.

"నన్నంటే అన్నవ్ సారూ, పడ్త. గొర్రెనెందుకన్నవ్? దాని కండ్లల్ల ఏం లేదా? ఈనే ముందు ఒక తీరుగ సూస్తది. పిల్ల తప్పిపోతే ఒక తీరుగ సూస్తది. కోసేటోడు వస్తే ఇంకో తీరుగ సూస్తది. గింత సదివినవ్, గది తెల్వదా?"

తెలియదు. తెలుగు ఎం.ఏ.లో గొర్రె కళ్ళు సిలబసులో లేవు.

"మరి ఇన్ని దినాలు ఏం ఆలోచించుకుంట కూసున్నవ్ తాతా?" అని అడిగాను. నా పాత్రల్లో ఒకరిని నేను అడిగిన మొదటి ప్రశ్న అది.

"మా అన్న మిర్యాలగూడల రైసుమిల్లు కాడ కావలుంటడు. పొలం గెట్టు పంచాయితిల మాటమాట అనుకున్నం. పదకొండేండ్లాయె మాట్లాడక. పోయి ఏమని మాట్లాడాల్నో బస్సుల అనుకుంట పోత. మిల్లు గేటు దాంక పోత. అనుకున్నదంత మర్సిపోత. మళ్లొస్త."

ఇంతలో ముందు సీట్లోంచి ఆయమ్మ తిరిగింది. "నీ గురించి మేం గూడ అనుకున్నం సారూ. రోజు నిట్టూరుస్తవ్, రాస్తవ్, కొట్టేస్తవ్, పోయి డోరు కాడ నిలవడ్తవ్. యాడనో మనసిరిగిన పోరడు, ఉత్తరం రాసి పెట్టుకుంటుండు, ఎప్పుడు దునుకుతడో అని పరేషానైనం. గసుంటోళ్లను దవాఖానల శాన మందిని సూసిన. నిన్న సదివినంక తెలిసింది, నీకేం రోగం లేదు, పొగరే."

"మిమ్మల్ని కాదన్న పిల్లది సూర్యాపేట అని నేను, కాదు దామరచర్ల అని తాత" అన్నాడు కండక్టరు.

అంటే చొక్కా పట్టి లాగింది, కాళ్ళు అడ్డం పెట్టింది, రొట్టె పెట్టింది అంతా నన్ను కాపాడటానికి. మూడు నెలలుగా ముగ్గురూ వంతులవారీగా నాకు కావలి కాశారు. విఫలం కావడానికి నాకు ప్రేమే లేదన్నది వేరే సంగతి. నేను వాళ్ళ గురించి రాసినదీ తప్పే, వాళ్ళు నా గురించి అనుకున్నదీ తప్పే. కానీ వాళ్ళ తప్పులో నామీద ప్రేమ ఉంది. కథగా కూడా వాళ్ళదే బాగుంది. సిగ్గుతో చచ్చిపోయాను.

"గొర్రె మాట కొట్టెయ్యి సారూ" అన్నాడు తాత. కండక్టరు తన పెన్ను ఇచ్చాడు. అందరూ చూస్తుండగా కొట్టేశాను. తర్వాత ధైర్యం చేసి, "తాతా, 'అన్నా' అని పిలిస్తే సాలదా?" అన్నాను. తాత గొంగడి సర్దుకుని నావైపు తిరిగాడు. "గంతేనా?" అన్నాడు.

ఆ వారమంతా తాత బస్సులో కనిపించలేదు. తర్వాతి వారం మిల్లు ముందు నుంచి బస్సు వెళ్తుంటే గేటు పక్కన ఒకే గొంగడి మీద ఇద్దరు ముసలివాళ్ళు కూర్చుని కనిపించారు. ఇద్దరిదీ ఒకటే ముక్కు. ఏమీ మాట్లాడుకోవడం లేదు. వాళ్ళ మనసులో ఏముందో రాద్దామని అలవాటు కొద్దీ పెన్ను తీసి, మళ్ళీ జేబులో పెట్టేశాను.

ఆ పుస్తకం అచ్చు కాలేదు. శాలువా రంగు అలాగే ఉండిపోయింది. ఇప్పుడు జుట్టు నెరిసింది, ఎక్కితే కారు, లేకపోతే ఏసీ బస్సు. ఎప్పుడైనా ఎర్రబస్సెక్కితే మాత్రం, ఎంత ఉక్కగా ఉన్నా తలుపు దగ్గర నిలబడను. లోపల ఎవరో ఒకరు నా గురించి పరేషానవుతారు.