చలిగదిలో సైక్లమెన్

మా చిన్నప్పుడు... అమెరికాలో నోవై అనే ఊళ్ళో మా ఇంట్లో ఒక గది ఎప్పుడూ చల్లగా ఉండేది. బయట మోకాలి లోతు మంచు, ఇల్లంతా హీటర్ వెచ్చదనం. ఆ ఒక్క గదిలోకి మాత్రం సాక్సులు లేకుండా అడుగుపెడితే కాళ్ళు జిల్లుమనేవి.

అది మా తమ్ముడో చెల్లో రావాల్సిన గది. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. చలి మొదలయ్యే రోజుల్లో అమ్మకి కడుపు పోయింది. ఆస్పత్రి నుంచి వచ్చాక నాన్న ఆ గదిలో వేడిగాలి వచ్చే జాలీ మూసేసి, తలుపు దగ్గరగా వేశారు. "వాడని గదికి హీట్ ఎందుకు, దండగ" అన్నారు. నాన్నకి ఏడవడం రాదు... ఇలాంటి పనులు చేస్తారు.

పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దావిడ, కారల్ ఆంటీ, అమ్మని పలకరించడానికి వస్తూ ఒక పూలకుండీ తెచ్చారు. సైక్లమెన్. తమలపాకుల్లాంటి ఆకులు, వాటి మీద వెండిరంగుతో ముగ్గు వేసినట్టు గీతలు. పువ్వులే చిత్రం... తల దించుకుని, రెక్కలన్నీ వెనక్కి తిప్పుకుని ఉంటాయి.

అమ్మకి మొక్కంటే ఒక్కటే పద్ధతి తెలుసు. తులసికి పోసినట్టు పొద్దున్నే స్నానం చేసి, చెంబుతో దాని నెత్తిన నీళ్ళు పోసేది. చలికి పాపం అని హాల్లో వేడిగాలి తగిలే చోట పెట్టింది. కొన్నాళ్ళకే ఆకులు పసుపెక్కి, కాడలు మెత్తబడి వాలిపోయాయి. అమ్మ దాని ముందు కూర్చుని, "నా చేతిలో ఏదీ నిలవదు" అంది. నాన్న టీవీ సౌండ్ తగ్గించారు.

కారల్ ఆంటీ వచ్చి చూసి నవ్వారు. దీనికి వెచ్చదనం పడదట, చలే కావాలట. మీ ఇంట్లో అన్నిటికన్నా చల్లని గది ఏది అని అడిగారు.

అలా... ఆ గది తలుపు మళ్ళీ తెరుచుకుంది.

కిటికీ దగ్గర, నేరుగా ఎండ పడని చోట పెట్టాం. నీళ్ళు నెత్తిన పోయకూడదు, కింద పళ్ళెంలో పోస్తే కావలసినంత తాగుతుంది, మిగిలినవి పారబోయాలి. వాడిన పువ్వుని గిల్లకూడదు, కాడ మొదట్లో పట్టుకుని మెలితిప్పి లాగాలి. అమ్మ అన్నీ బుద్ధిగా నేర్చుకుంది. స్వెటర్ మీద శాలువా కప్పుకుని ఆ గదిలోనే కూర్చునేది, కాఫీ కూడా అక్కడే. నేను స్కూల్ నుంచి వచ్చేసరికి "ఇవాళ ఇంకో మొగ్గొచ్చిందే" అని చెప్పేది. ఆ చలికాలం అమ్మ నాతో నవ్వుతూ మాట్లాడిందంటే ఆ మొక్క గురించే. నాకు దాని మీద కొంచెం కుళ్ళుగా కూడా ఉండేది.

ఎండలు ముదిరాక పువ్వులు ఆగిపోయాయి. ఆకులు ఒక్కొక్కటే రాలిపోయాయి. అమ్మ నీళ్ళు పెంచి చూసింది, తగ్గించి చూసింది, చివరికి మానేసింది. కుండీలో మట్టి తప్ప ఏమీ మిగల్లేదు. అడుగుదామంటే కారల్ ఆంటీ వేసవంతా ఉత్తరాన లేక్ దగ్గర కొడుకింట్లో ఉంటారు. అయినా అమ్మ ఆ కుండీని కిటికీ దగ్గరే ఉంచి, రోజూ వెళ్ళి చూసొచ్చేది.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి తెలుగు ఆంటీలందరినీ తాంబూలానికి పిలిచింది. ముందురోజు ఇల్లు సర్దుతూ ఆ గది గుమ్మంలో ఆగిపోయింది. "పేరంటం జరిగే ఇంట్లో ఎండిపోయిన మొక్క ఉండకూడదే. ఇప్పటికే ఎవరేమనుకుంటున్నారో" అంటూ కుండీని పేపర్ మీద బోర్లించింది. మట్టిలోంచి చిన్న కంద ముక్కలా గట్టిగా ఒక దుంప దొర్లింది. అమ్మ దాన్ని అరచేతిలో పెట్టుకుని కాసేపు చూసింది. తర్వాత పేపర్లో చుట్టి చెత్తడబ్బాలో వేసి, చేతులు కడుక్కుంది.

పేరంటం బాగానే జరిగింది. అందరూ పాయసం మెచ్చుకుని, "మళ్ళీ అవుతుందిలేమ్మా, నీకింకా వయసుంది" అని ఓదార్చి, శనగలు పుచ్చుకుని వెళ్ళారు.

వాళ్ళు వెళ్ళాక కారల్ ఆంటీ వచ్చారు, అప్పుడే ఊరి నుంచి దిగి. మొక్కకి నీళ్ళు పెట్టడం మళ్ళీ మొదలుపెట్టావా అని అడిగారు.

"ఇట్ డైడ్" అంది అమ్మ.

"ఓ నో, హనీ... ఇట్స్ ఓన్లీ స్లీపింగ్. దే స్లీప్ ఆల్ సమ్మర్."

అమ్మకి ఇంగ్లీష్ బాగానే వచ్చు. అయినా నా వైపు తిరిగి, "ఏవంటోందే ఆవిడ?" అంది.

"అది డెడ్ కాదంట అమ్మా. సమ్మర్‌లో స్లీప్ చేస్తుందంట... ఇప్పుడు మళ్ళీ లేస్తుందంట."

అమ్మ పట్టుచీరతోనే, చెప్పుల్లేకుండా డ్రైవ్‌వే చివరిదాకా పరిగెత్తింది. చెత్తబండి పొద్దున్నే వచ్చి వెళ్ళిపోయింది. ఖాళీ డబ్బా మూత ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"కందలాగే ఉందే... మా ఇంట్లో కందని మూల పడేసినా దానంతటదే మొలకేసేది. చేత్తో పట్టుకుని కూడా నాకెందుకు తట్టలేదే..." అని బావురుమంది. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజు కూడా అమ్మ అలా ఏడవలేదు. నాకు భయమేసింది.

కారల్ ఆంటీ వచ్చి భుజం చుట్టూ చెయ్యి వేసి, చలికాలం రానీ, ఇంకోటి తెస్తానన్నారు. అమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిడకి అర్థం కాదని తెలిసీ తెలుగులోనే చెప్పింది.

"ఇంకోటి వస్తుందనే అందరూ అంటారు. నాకు అదే కావాలి."

ఈసారి ఏమందని కారల్ ఆంటీ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

ఇప్పుడు చలి మొదలైతే చాలు, గ్రోసరీ స్టోర్ల గుమ్మాల్లో వరసగా సైక్లమెన్లే. ఎప్పుడు నిద్రపోతుందో, ఎప్పుడు లేస్తుందో ఫోన్ అడిగితే చెప్పేస్తుంది. అప్పుడు మా అమ్మకి అడగడానికి ఉన్నది ఒక్క మనిషి, ఆవిడా ఊళ్ళో లేరు. మా ఇంటికి మళ్ళీ పూలకుండీ రాలేదు... నేను ఒక్కదాన్నే పెరిగాను.

అమ్మ ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలియక పక్కన నిలబడ్డ రోజు మీకూ ఉంటే... కింద రాయండి. చదువుతాను.