చీరలమ్మ ముడుపులు

మొన్న ఎల్లారెడ్డిలో మా బడిలో నాకు శాలువా కప్పారు. హెడ్మాస్టర్ గారు మైకు పట్టుకొని, వెయ్యేళ్ల నాటి జైన తీర్థంకరుడి విగ్రహాన్ని వెలుగులోకి తెచ్చిన ఘనత మన సోషల్ మేడమ్‌దే అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ ఫొటో దిగి, అందరికీ దండం పెట్టి, బస్సెక్కి కామారెడ్డి వచ్చేశాను. ఇంటికి రాగానే ఆ శాలువాను బీరువాలో అన్ని బట్టల కిందికి తోసి తలుపు వేశాను. దాన్ని చూస్తే మా పెద్దమ్మ ముఖమే కనిపిస్తోంది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. నాగిరెడ్డిపేట దగ్గర, కాలువ కింద వరి పండే ఒక చిన్న ఊరు ఆమెది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. బీడీలు చుట్టి బతుకుతుంది. చిన్నప్పుడు నా ఎండాకాలం సెలవులన్నీ ఆమె దగ్గరే గడిచేవి. ఆమె చుట్టిన బీడీలకు నేను దారం కట్టేదాన్ని. వదులుగా కడితే నెత్తిన ఒక మొట్టికాయ, గట్టిగా కడితే ఒక బెల్లం ముక్క.

ఆ ఊరి పొలాల అంచున చీరలమ్మ ఉంటుంది. ఉండేది అనాలేమో. రేకుల కప్పు వేసిన చిన్న గదిలో నిలువెత్తు రాతి విగ్రహం, తల వెనుక పడగలు విప్పిన పాము. ముఖం నిండా పసుపు, పెద్ద కుంకుమ బొట్టు, మైనంతో అతికించిన ముక్కుపుడక. మెడ నుంచి కింద అంతా చీరలే. ఆ అమ్మకు కట్టిన చీరను ఎవరూ విప్పరు. మొక్కుకున్న ఆడది పాత చీర మీదే కొత్త చీర చుట్టాలి. స్నానం నీళ్లు కూడా చీరల మీదనుంచే పోస్తారు. కట్టిన చీర కొంగున ముడుపు వేసుకుంటారు. కోరిక తీరితే కట్టిన మనిషే వచ్చి ఆ ముడి విప్పుకుంటుంది. తీరకపోతే అది అలాగే ఉండిపోతుంది, దాని మీద ఇంకొకరి చీర వస్తుంది. అలా అమ్మ ఏటేటా లావవుతుంటే ఆడవాళ్లు బోనాలు దించి, “అమ్మ మంచిగ తింటుంది, ఒళ్లు జేసింది” అని నవ్వుకునేవారు. మగవాళ్లు ఆ గడప తొక్కరు. పూజారి కూడా లేడు. తాళం చెవి పెద్దమ్మ నడుముకు వేలాడుతుండేది.

అందరూ వెళ్లిపోయాక పెద్దమ్మ తలుపు దగ్గరికి వేసుకొని లోపల మాట్లాడేది. నేను బయట గట్టు మీద కూర్చునేదాన్ని. మాటలు వినబడేవి కావు. మధ్యలో ముక్కు చీదుకోవడం మాత్రం వినబడేది. బయటికి వచ్చాక ఆమె ముఖం తేటగా ఉండేది. “ఏం జెప్పినవ్ పెద్దమ్మా?” అని అడిగితే, “ఆడోళ్ల ముచ్చట, నీకెందుకే” అని నా జడ పట్టి లాగేది.

పెద్దయ్యాక నాకు పాత రాళ్ల పిచ్చి పట్టింది. నాలాంటివాళ్లం కొందరం ఫోన్‌లో ఒక గ్రూపు పెట్టుకొని ఆదివారాలు చెరువు కట్టల మీదా పాడుబడ్డ గుళ్లలోనూ తిరుగుతాం. శాసనం మీద సున్నం పూసినవాణ్ణి చూస్తే నాకు కోపం నషాళానికి అంటుతుంది. ఒక ఊళ్లో పాతకాలపు వీరుడి గుర్తుగా నిలిపిన వీరగల్లుకు రంగులు వేశారని సర్పంచుతోనే గొడవ పెట్టుకున్నాను. “మన వంటింట్ల బండ గూడ ఏ రాజుల నాటిదో ఓసారి చూడు” అని మా ఆయన ఏడిపిస్తుంటాడు. అంత తిరిగాక చీరలమ్మ ముఖం నాకు కొత్తగా కనబడటం మొదలైంది. ఆ సాగిన చెవులు, తలకు అంటుకున్న ఆ ఉంగరాల జుట్టు ఏ అమ్మవారికీ నేను చూసి ఉండలేదు. అనుమానం పట్టుకున్నాక నిద్ర పట్టేది కాదు.

పోయిన ఎండాకాలం ఒకరోజు పొద్దున్నే పెద్దమ్మ దగ్గరికి పోయాను. ఆమె చుట్టిన బీడీలు గంపలో సర్దుకొని కార్ఖానాలో ఇచ్చి రావడానికి బయలుదేరుతోంది.

“పెద్దమ్మా, అమ్మ చీరెలల్ల ఎలుకలు పడ్డట్టున్నయి. నేను సాఫ్ జేస్త, తాళం ఇయ్యి” అన్నాను.

ఆమె ఎంత సంబరపడిందో. “నాకు మోకాళ్లు లేస్తలేవు బిడ్డా, ఎవరు జేస్తరా అని సూస్తున్న. గని పైపైన దులుపు. చీరెలు ఇప్పకు.”

“ఇప్పనే, నాకు తెల్వదా” అన్నాను.

ఎలుకలు ఉన్న మాట నిజమే. కానీ నేను పోయింది ఎలుకల కోసం కాదు.

తలుపు గడియ పెట్టుకొని చీరలు విప్పాను. పైన మెరుపుల పాలిస్టర్ చీరలు, వాటి కింద నైలెక్స్, ఇంకా కింద నేత చీరలు. అడుగున ఉన్నవి పట్టుకుంటే పొడి పొడి అయ్యాయి. చివరి గుడ్డ జారిపోయాక రాయి బయటపడింది. నిటారుగా నిలబడి, చేతులు మోకాళ్ల దాకా వదిలేసిన మగమనిషి. ఒంటి మీద నూలుపోగు లేదు. కాళ్ల దగ్గర ఇద్దరు చిన్న సేవకులు. జైన తీర్థంకరుడు. అబద్ధం ఎందుకు, ఆ పూట నా అంత సంతోషంగా ఉన్న మనిషి జిల్లా మొత్తంలో లేదు. ఆ నున్నటి నల్లరాయి, ఆ పెదవుల మీది ప్రశాంతత, ఎవరో పేరు లేని శిల్పి పనితనం చూసి నా కళ్లలో నీళ్లు తిరిగాయి. బ్యాగులోంచి స్కేలు తీసి పక్కన పెట్టి ఫొటోలు తీశాను, కొలతలు రాసుకున్నాను.

అక్కడితో ఆగితే బాగుండేది. చీరల కొంగులకు ముడుపులు కనిపించాయి. ఎంత పాతవో, లోపల పాత నాణేలు ఏమైనా ఉన్నాయో అని ఒక్కటొక్కటే విప్పాను. నాలుగు గింజలుగా మిగిలిన బియ్యం, పసుపు కొమ్ములు, తుప్పు పట్టిన మెట్టె, పసిపిల్లల నల్ల గాజులు, బొడ్డుతాడు అనిపించే ఎండిన ముక్క. అన్నీ ఒక పేపరు మీద వరసగా పేర్చి, వాటి పక్కనా స్కేలు పెట్టి ఫొటో తీశాను. తరువాత వాటన్నిటినీ ఒక కవర్లో వేసి, చీరలు ఎలాగో తిరిగి చుట్టి, తాళం వేసి వచ్చేశాను.

గ్రూపులో పెట్టగానే ఫోన్ మోగుతూనే ఉంది. గ్రూపులో చరిత్ర తెలిసిన పెద్దలు చూసి, తీర్థంకరుడే, వెయ్యేళ్ల కిందటిది కావచ్చు అన్నారు. రెండో రోజుకే పేపర్లో వచ్చింది, నా పేరుతో. విగ్రహం ఫొటో పెద్దగా, దాని కింద ముడుపుల ఫొటో చిన్నగా. విగ్రహానికి చీర కట్టి అమ్మవారిగా కొలుస్తున్న గ్రామస్థులు అని ఒక వాక్యం. రాసి ఇచ్చింది నేనే. ఆ వాక్యంలో నాకప్పుడు తప్పేమీ కనబడలేదు.

తరువాత కార్లలో జనం వచ్చారు. పురావస్తు శాఖ ఆఫీసు వాళ్లు వచ్చి చీరలు తీయించి, విగ్రహాన్ని కడిగించి, ముందు ఇనుప జాలీ పెట్టి బోర్డు పాతారు. వాళ్లను తప్పు పట్టలేను, ఇలాంటి విగ్రహాలను కాపాడమని ఊరూరా తిరిగి అడిగింది నేనూ నాలాంటివాళ్లమే. ఊళ్లో కుర్రవాళ్లు బావి దగ్గర ఆడవాళ్లను చూసి, మీ అమ్మకు మీసాలు మొలిచినయట అని అరిచేవారట. ఆ ఏడు బోనాలు ఎవరూ ఎత్తలేదు. ఇవన్నీ నాకు మా అమ్మ ఫోన్‌లో చెప్పింది. పెద్దమ్మ మాత్రం ఫోన్ చేయలేదు.

నేనే పోయాను, ఆ కవరు బ్యాగులో పెట్టుకొని. పెద్దమ్మ చాట ఒళ్లో పెట్టుకొని బీడీలకు తునికాకు కత్తిరిస్తోంది. గోడ వారన ఒక గోనె సంచిలోంచి చీరల అంచులు బయటికి కనిపిస్తున్నాయి. ఆఫీసు వాళ్లు తీసి పారేస్తుంటే ఆమె తెచ్చుకుందట. నన్ను కూర్చోమంది, మంచినీళ్లు ఇచ్చింది. తిట్టదేమని నేను చూస్తున్నాను. తిడితే ఏదో ఒకటి ఎదురు చెప్పేదాన్ని, నా నోరు అలాంటిది.

ఇంకో ఆకు అందుకుంటూ, “నిజంగనే మొగోడా?” అంది.

నేను మేడమ్‌నైపోయాను. ఆయన గొప్ప మహాత్ముడని, అన్నీ వదిలేసిన త్యాగి అని, చీమకు కూడా హాని చేయనివాడని, వాళ్ల మతంలో ఆయనే దేవుడని చెప్పుకుంటూ పోయాను. ఆమె ఆకు కత్తిరించడం ఆపకుండా విన్నది.

“మంచోడే గావచ్చు బిడ్డా. నేను కాదంటలేను. గని మంచోడని జెప్పి నా కడుపుల మాట మొగోనికి చెప్పుకుంటనా? నా మొగనికే చెప్పలే. అన్నేండ్ల సంది ఆడది ఇంటుందని చెప్పుకుంటి.” ఆమె ముఖం ఎర్రబడింది. సిగ్గుతో. ఆ వయసులో ఆమె అలా తల దించుకోవడం చూసి నాకు అక్కడినుంచి లేచి పారిపోవాలనిపించింది.

కవరు తీసి ఆమె ముందు పెట్టాను. ఆమె చేయి పెట్టి వెతికి నల్ల గాజులు తీసింది. నా బొటనవేలికి కూడా పట్టనంత చిన్నవి.

“గివి నాయి” అంది.

ఆమె కడుపు పండిందని నాకు తెలియదు. మా అమ్మ కూడా ఎప్పుడూ చెప్పలేదు. ఆ గాజులు వేసుకున్నది ఆడపిల్లో మగపిల్లాడో, ఎన్నాళ్లు బతికిందో, ఏమీ తెలియదు. వాటి వెడల్పు మాత్రం నాకు తెలుసు. కొలిచి రాసుకున్నాను.

“ఏ ముడుపు ఏ చీరెకు ఉండెనో రాసుకున్నవా?” అని అడిగింది. నేను రాసుకోలేదని చెప్పాను. ఆమె ఆ కవరునూ గోనె సంచినీ చూసి, “అయితె ఇవి ఎవరెవరియో ఎట్ల తెలుస్తది? సగం మంది సచ్చిపాయిరి” అంది. ఆ గాజులు మాత్రం రవికెలో పెట్టుకుంది.

అప్పటినుంచి ఆమె పొలం వైపు పోవడం లేదు. నేను తిరిగి చీర కట్టిద్దామని ఒకసారి అన్నాను. “తెలిసినంక కడితె అది ఆయనకు అవమానం, నాకు అవమానం” అంది. ఆ విగ్రహం బయటపడటం తప్పని నేను ఇప్పటికీ అనలేను. ఆ రాయికి దాని పేరు దానికి దక్కింది. కానీ తలుపు గడియ పెట్టుకొని చేసిన పని మంచిపని ఎలా అవుతుందో ఎంత వాదించుకున్నా నన్ను నేనే ఒప్పించుకోలేకపోతున్నాను.

శాలువా కప్పిన మరునాడు పెద్దమ్మ కళ్లు చూపించుకోవడానికి కామారెడ్డి వచ్చి మా ఇంట్లో దిగింది. మధ్యాహ్నం ఇద్దరమే ఉన్నాం. ఆమె వంటింట్లో పీట వేసుకొని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది, చేతిలో కాయ అలాగే పట్టుకొని కిటికీ వైపు చూస్తోంది. ముఖం చిన్న పిల్లలు ఏడ్చే ముందు పెట్టే ముఖంలా అయింది. నేను స్టవ్ ఆర్పి ఆమె పక్కన నేల మీద కూర్చున్నాను.

“నాకు జెప్పు పెద్దమ్మా. నేను ఆడదాన్నే గద. ఎవ్వరికి చెప్ప” అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది. పెదవులు కదిలాయి. చెబుతుందనే అనుకున్నాను, ఆమె మోకాలి మీద చేయి కూడా వేశాను. ఆమె నా చేతిని మెల్లగా తట్టింది, కోపమేమీ లేదు.

“వద్దు బిడ్డా. నువ్వు మంచిదానివే. గని నీకు జెప్తె పేపర్ల వస్తది.”

మళ్లీ చిక్కుడుకాయలు అందుకుంది. నేనూ నా ముందుకు కొన్ని లాక్కొని ఈనెలు తీస్తూ కూర్చున్నాను.